అమ్ములు ఎక్కడా వినని మాట

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది చేతికో మెడలోనో తాయెత్తుతోనే వస్తారు. ముందు మంత్రం వేసేవాళ్ల దగ్గరికి, తర్వాత ఎవరో చెప్పిన గుడికో దర్గాకో తిప్పి, ఇంక ఏ దారీ లేదనుకున్నాక నా దగ్గరికి తీసుకొస్తారు. ఆ తాయెత్తు తీసేయమని నేనెప్పుడూ అనలేదు. అది ఉండనివ్వండి, మందు కూడా వెయ్యండి అంటాను. పిల్లకి గాలి సోకిందని చెప్పే తల్లికి, అది గాలి కాదమ్మా, భయం అని ఓపిగ్గా చెప్పడం నా ఉద్యోగంలో సగం పని. అందుకని దయ్యాల్నీ పూనకాల్నీ నేను నమ్మను. నమ్మితే ఆ కుర్చీలో కూర్చునే అర్హత నాకుండదు.

ఇప్పుడు రాస్తున్నది దయ్యం కథ కూడా కాదు. ఇందులో చనిపోయి తిరిగొచ్చినవాళ్లెవరూ లేరు. పట్టపగలు, చుట్టూ మనుషులు తిరుగుతుండగా జరిగిన సంగతి. రెండు కుటుంబాలనూ అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మార్చాను.

మాది బందరు పక్కన గూడూరు. ఎంబీబీఎస్ అయ్యాక పీజీలో సైకియాట్రీ తీసుకుంటే మా ఇంట్లో ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. వేరే సీటు రాక తీసుకుందనుకున్నారు. అదీ అయ్యాక, పిల్లల మానసిక వైద్యం కోసం ఇంకా చదువుతానంటే మాత్రం మా పెద్దత్తయ్య ఉండబట్టలేకపోయింది.

"పెద్దాళ్లకంటే సరే. పిల్లలకి పిచ్చేంటే?" అంది.

ఆవిడకి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు. నా దగ్గర ఉన్న జవాబు చిన్నదే. పీజీలో నేను చూసిన పెద్దవాళ్లని, ఇది ఎప్పుడు మొదలైందండీ అని అడిగితే, చాలామంది తొమ్మిదో తరగతిలోనో పదో తరగతిలోనో అని చెప్పేవారు. అప్పుడు ఎవరితోనైనా చెప్పారా అంటే, ఎవరూ అడగలేదండీ అనేవారు. వాళ్లని నలభయ్యో ఏట కాకుండా ఆ పద్నాలుగో ఏటే వెళ్లి పలకరించాలనిపించింది. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

చదువు పూర్తిచేసుకుని బందరు వచ్చి క్లినిక్ పెట్టుకున్నాను. వారంలో ఒకరోజు గుడివాడలో స్నేహితురాలి నర్సింగ్ హోంలో కూర్చునేదాన్ని. శనివారాలు అవనిగడ్డ. అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే చిన్న బడి ఉంది. దివిసీమ పల్లెల నుంచి వచ్చే పిల్లల్ని వాళ్ల గదిలోనే చూసేదాన్ని.

ఈ సంగతి జరిగేనాటికి నేను ఆ శనివారాలు మానేద్దామనుకుంటున్నాను. విజయవాడలో ఒక ఆసుపత్రి వాళ్లు పెద్దవాళ్ల వార్డు చూసుకోమని పిలిచారు. ఇక్కడేమో ఒకసారి వచ్చిన తల్లిదండ్రులు రెండోసారి వచ్చేవాళ్లు కాదు. మందు పని చేస్తోందనగానే ఆపేసేవారు. మాటలు రాని పిల్లాణ్ణి తీసుకొచ్చి, వచ్చే నెలకల్లా మాటలొస్తాయా అని అడిగేవారు. రావని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. చల్లపల్లి మీదుగా బస్సులో తిరిగొస్తూ, ఇంక చాల్లే అనుకున్న శనివారాలు చాలా ఉన్నాయి.

మానకుండా వచ్చినవాళ్లలో అమ్ములు తల్లి శైలజ ఒకరు. వాళ్లది నాగాయలంక దగ్గర పల్లె. భర్త రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. అమ్ములుకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆటిజం ఉన్న పిల్ల. ఆటోలో ఆ బడికే వచ్చేది. మాట్లాడేది, కానీ తన మాట ఒక్కటీ ఉండేది కాదు. ఎక్కడో విన్న మాటని, విన్నది విన్నట్టు, అదే గొంతుతో, అదే రాగంతో అప్పజెప్పేది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది మామూలే. కొన్నిసార్లు విన్న వెంటనే అంటారు. కొన్నిసార్లు వారాల తర్వాత, నెలల తర్వాత అంటారు.

నాకు ఈ పని నేర్పిన మేడం ఒక సంగతి పదేపదే చెప్పేవారు. అలాంటి పిల్ల అన్న ప్రతి మాటకీ ఒక మూలం ఉంటుంది, అది ఎక్కడ విన్నదో వెతకండి, ఆ మాట విన్నప్పుడు పిల్ల మనసులో ఏం ఉందో తెలిస్తే ఇప్పుడు ఏం చెబుతోందో తెలుస్తుంది అని. అమ్ములు విషయంలో నేనూ శైలజా అదే పని చేశాం. అమ్ములు భయపడ్డప్పుడల్లా "ఏరియేటర్లు ఆపొద్దురా" అనేది. చెరువు నీళ్లలో గాలి ఆడించే యంత్రాలు జనరేటర్ మీదైనా నడవాలని, కరెంటు పోయిన రాత్రుళ్లు వాళ్ల నాన్న చెరువు దగ్గరున్న కుర్రాళ్లకి ఫోన్లో అరిచే మాట అది. ఇంట్లో అందరూ కంగారుపడే వేళ విన్నది కాబట్టి, దాని లెక్కలో ఆ మాటకి భయం అని అర్థం. ఆకలేస్తే "ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు" అనేది. వాళ్ల వీధిలోకి ఉల్లిపాయల ఆటో వచ్చేది మధ్యాహ్నం అన్నం వేళకి. ఇలా ఒక్కో మాటకీ మూలం దొరుకుతుంటే శైలజ ముఖంలో వచ్చే వెలుగు చూడ్డానికైనా ఆ బస్సెక్కొచ్చు అనిపించేది.

అమ్ములు చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా నీలం మూత ఒకటి ఉండేది. నిద్రలో కూడా వదిలేది కాదు. స్నానం చేయించేటప్పుడు ఒక చేత్తో అది పట్టుకునే ఉంటుందని శైలజ చెప్పేది.

ఇంకొక పిల్లాడి గురించి చెప్పాలి. వంశీది పెడన. తండ్రి చిన్నప్పుడే పోతే, మేనమామ సుబ్బారావు గారు అక్కనీ మేనల్లుణ్ణీ తన ఇంట్లోనే ఉంచుకుని పెంచారు. ఆయన కలంకారీ అద్దకం పని చేస్తారు. వంశీని గుడివాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో ఇంటర్లో వేశారు. రెండో ఏడాది మధ్యలో ఇంటికొచ్చేశాడు. తిండి లేదు, నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు. బందరులో నా క్లినిక్‌కి తీసుకొచ్చారు. తీవ్రమైన డిప్రెషన్. కొన్ని నెలల మందులతో, మాటలతో తేరుకున్నాడు. దసరా నాటికి అన్నం బాగా తింటున్నాడు, మావయ్యతో పాటు అద్దకం షెడ్డుకి వెళ్తున్నాడు. చివరిసారి వచ్చినప్పుడు నవ్వుతూ మాట్లాడాడు కూడా.

వంశీకి చిన్న నత్తి ఉంది. అందరిలా అక్షరాన్ని రెండుమూడు సార్లు అనడు. 'ప' అక్షరం దగ్గర ఊపిరి లోపలికి పీల్చి ఆగిపోతాడు. గడ్డం కొంచెం పైకెత్తుతాడు. ఆ తర్వాత మాట మెల్లగా, దాదాపు గుసగుసలా బయటికొస్తుంది. 'పర్లేదు' అన్నది వాడు ఎక్కువగా వాడే మాట. ఎలా ఉన్నావు అంటే ఆగి, గడ్డం ఎత్తి, పర్లేదు మేడం అనేవాడు. నేను ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

దసరా సెలవులయ్యాక వచ్చిన శనివారం. బందరులో బస్సెక్కేటప్పుడు మబ్బుగా ఉంది. అల్పపీడనం అన్నారు. అవనిగడ్డలో దిగేసరికి మాత్రం పొడి ఎండ. ఉదయం మొదట వచ్చింది అమ్ములే. తల్లి పక్కన కుర్చీలో కూర్చోలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న నీలం మూత నా అరచేతిలో పెట్టింది. ఆ పిల్ల అంతవరకూ నన్ను తాకింది లేదు. మూత పెట్టి, ఎక్కడో గోడకేసి చూస్తూ అంది.

"గొడుగు నువ్వే ఉంచుకో మావయ్యా. నేను తడిస్తే..."

అని ఆగింది. ఊపిరి లోపలికి పీల్చింది. గడ్డం కొంచెం పైకెత్తింది.

"పర్లేదు."

కొత్త మాట వచ్చిందని నాకు సంతోషమే కలిగింది ముందు. ఎక్కడ విందో కనుక్కుందామని శైలజ వైపు తిరిగాను.

"గురువారం నుంచీ ఇదే మాటండీ. ఆ మూత ఎవరికో ఒకరికి ఇచ్చేయడం, ఈ మాట అనడం. ఎండ మండిపోతుంటే గొడుగేంటే అని మా అత్తగారు ఒకటే నవ్వు. నాకైతే భయమేసింది మేడం. అది ఆ మూత వదిలిపెట్టడం ఎప్పుడైనా చూశామా?"

టీవీలో ఏదైనా వచ్చిందేమో అన్నాను. వాళ్ల టీవీ పాడై చాలా రోజులైందట. ఇంట్లో మావయ్య అని ఎవరు ఎవర్ని పిలుస్తారు అన్నాను. శైలజకి అన్నదమ్ములు లేరు. చుట్టాలెవరైనా వచ్చారా అంటే లేదంది. అమ్ములు ఇంకోసారి అదే మాట అంది. అదే చోట ఆగడం, అదే గడ్డం ఎత్తడం.

అప్పుడు తట్టింది. ఆ ఆగడం నాకు తెలుసు. మాటలు చిన్నపిల్ల గొంతులోవే, కానీ ఆ ఊపిరి వంశీది. ఒక మనిషి నడక వెనకనుంచి చూసి పోల్చుకున్నట్టు పోల్చుకున్నాను.

నాకు భయం వేయలేదు. ఈ రెండు కుటుంబాలకీ ఎక్కడో పరిచయం ఉండి ఉంటుంది అనుకున్నాను. పెడనలో మీకెవరైనా ఉన్నారా అని అడిగాను.

"లేరండీ. ఆ ఊరు ఎటుంటుందో కూడా తెలీదు నాకు. అమ్ములునైతే అవనిగడ్డ దాటి ఎక్కడికీ తీసుకెళ్లలేదు. బస్సులో హారన్ కొడితే ఏడుపు ఆపదు కదండీ."

నా అరచేతిలో ఇంకా ఆ మూత ఉంది. తనకి ప్రాణమైన వస్తువుని ఉన్నట్టుండి ఇంకొకరికి ఇచ్చేయడం గురించి మా చదువులో వేరే పాఠం ఉంటుంది. అది అమ్ములు లాంటి పిల్లల గురించి కాదు, వంశీ లాంటి పిల్లల గురించి. బతకొద్దనుకున్నవాళ్లు ముందు అలా ఇచ్చేస్తుంటారని. ఆ పాఠం గుర్తొచ్చాక కూర్చోలేకపోయాను. వరండాలోకి వెళ్లి సుబ్బారావు గారికి ఫోన్ చేశాను. ఏమని అడగాలో అనుకోలేదు. వంశీ ఎలా ఉన్నాడండీ అన్నాను.

"బాగున్నాడు మేడం గారూ. ఇప్పుడే బయల్దేరాడు, గుడివాడ వెళ్లి కాలేజీలో సర్టిఫికెట్లు తెచ్చుకుంటానని. ఇక్కడ ఒకటే వాన. నా గొడుగు పట్టుకెళ్లరా అంటే వింటేనా. గొడుగు నువ్వే ఉంచుకో మావయ్యా, నేను తడిస్తే పర్లేదు అని చేతిలో పెట్టేసి పోయాడు. మనిషి మారాడండీ. రాత్రి మా అమ్మాయికి తన ఇయర్‌ఫోన్స్ కూడా ఇచ్చేశాడు, ఎన్నాళ్లనుంచో అడుగుతోందని."

ఆయన ఎంతో సంతోషంగా చెప్పారు. అమ్ములు అన్న మాటే అది, పొల్లు పోకుండా. అయితే ఒకటి చెప్పాలి. ఆ క్షణాన నేను ఆలోచించింది అమ్ములు గురించి కాదు. ఇయర్‌ఫోన్స్ గురించి.

"సుబ్బారావు గారూ, ఎందుకని అడగొద్దు. ఇప్పుడే వెళ్లి వాణ్ణి వెనక్కి తీసుకురండి. కోప్పడొద్దు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. దొరగ్గానే నాకు ఫోన్ చెయ్యండి."

ఆయన సరేనని ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత గడిచిన సమయం ఎంతో నాకు తెలీదు. చాలాసేపే అనిపించింది. వంశీకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. గుడివాడ స్నేహితురాలికి ఫోన్ చేసి, కాలేజీ దగ్గరికి ఎవరినైనా పంపగలవా అని అడిగాను. ఆవిడా సరేనంది. లోపల శైలజ ఎదురుచూస్తోంది. బయట ఇంకో రెండు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. నేను ఎవర్నీ పిలవలేకపోయాను.

ఫోన్ మోగింది. "దొరికాడు మేడం గారూ," అన్నారు సుబ్బారావు గారు. ఆయనకి ఆయాసం వస్తోంది. పక్కింటివాళ్ల స్కూటర్ మీద వెళ్లారట. పెడన బస్టాపులో వానలో నిలబడి ఉన్నాడట. గుడివాడ బస్సు వాడి ముందే వచ్చి ఆగి వెళ్లిపోయిందని, ఎక్కలేదని అక్కడి కిళ్లీకొట్టు అతను చెప్పాడట. ఈయన ఏమీ అనకుండా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశారట. అప్పుడు వాడు ఏడ్చాడట.

"ఎందుకో చెప్పట్లేదండీ. ఏడుస్తూనే ఉన్నాడు. ఏం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యొద్దు. పక్కనే ఉండండి. బందరు తీసుకొచ్చెయ్యండి, నేనూ బయల్దేరుతున్నాను," అన్నాను.

నేను గదిలోకి వచ్చేసరికి అమ్ములు నా దగ్గరికి వచ్చి మూత తీసేసుకుంది. పిడికిలి బిగించి తల్లి వెనక్కి వెళ్లి నిలబడింది. శైలజ ఊపిరి వదిలింది.

ఆ రోజు తిరిగి రాకూడదనుకునే ఇల్లు దాటానని వంశీ ఆ సాయంత్రమే నాకు చెప్పాడు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచాం. వాళ్లమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. మందులు మార్చాను. కాలేజీ హాస్టల్లో ఏం జరిగిందో అప్పటివరకూ చెప్పనిది అప్పుడు చెప్పాడు. అది వాడి సొంత విషయం, ఇక్కడ రాయను. ఇప్పుడు బందరులో డిగ్రీ చదువుతున్నాడు. సెలవుల్లో మావయ్య షెడ్డులో అద్దకం వేస్తాడు.

తర్వాత నేను చేసినదంతా ఒక డాక్టరు చేయాల్సిన పనే. మూలం వెతికాను. బడిలో టీచర్ని కదిపితే, శుక్రవారం నాడు అమ్ములు తనకి కూడా ఆ మూత ఇచ్చి గొడుగు మాట చెప్పిందని ఆవిడే చెప్పింది. అంటే శైలజ పొరబడలేదు. ఆ మాట వంశీ అంతకుముందు ఎప్పుడైనా అన్నాడేమోనని సుబ్బారావు గారిని అడిగాను. ఆ గొడుగు కొన్నదే శుక్రవారం సాయంత్రం అట. అంతకుముందు ఇంట్లో గొడుగే లేదట. ఇద్దరు పిల్లలూ నా దగ్గర ఎదురుపడే అవకాశం లేదు. ఒకరిని బందరులో చూస్తాను, ఒకరిని అవనిగడ్డలో. ఒకవేళ నేనే వంశీలాగా ఆగి, గడ్డం ఎత్తి మాట్లాడానేమో, అమ్ములు నా దగ్గరే నేర్చుకుందేమో అని కూడా ఆలోచించాను. అలా అయితే ఆ ఆగడానికి జవాబు దొరుకుతుంది. గొడుగుకి దొరకదు.

మా మేడంకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. తడిసినా పర్లేదు అన్నది తెలుగువాళ్లు రోజూ అనే మాటేనన్నారు. జరిగాక మన జ్ఞాపకం రెండు ముక్కల్నీ అతికేస్తుందన్నారు. వంశీ గురించి నీ లోపల ఏదో అనుమానం అప్పటికే ఉండి ఉంటుంది, ఆ పిల్ల మాట దానికి సాకు అయింది అన్నారు. ఆవిడ చెప్పింది తప్పని నేననను. నా దగ్గరికి ఇంకెవరైనా ఈ కథ తీసుకొస్తే నేనూ అదే చెబుతాను.

కొన్ని వారాల తర్వాత, వంశీ కుదుటపడ్డాక, మేం అందరినీ అడిగే ప్రశ్నే వాణ్ణీ అడిగాను. ఈ ఆలోచన గట్టిగా ఎప్పుడు వచ్చింది నీకు అని.

"శనివారం కాదు మేడం. అంతకుముందే. గురువారం. షెడ్డులో గుడ్డలు ఆరేస్తున్నాను. ఎండ బాగా ఉంది. ఎవరికీ ఏం చెప్పకుండా వెళ్లిపోదాం అనుకున్నాను."

నేను కళ్లు దించుకుని కాగితం మీద ఏదో రాస్తున్నట్టు ఉండిపోయాను. అమ్ములు సంగతి వాడికి అప్పుడు చెప్పలేదు. ఈ మధ్య, ఇది రాసుకోవచ్చా అని అడిగినప్పుడే చెప్పాను. వాడు "ఆ పాప బాగుందా మేడం?" అని మాత్రం అడిగాడు. బాగుందన్నాను.

నేను విజయవాడ వెళ్లలేదు. దానికి కారణం ఇది కాదని అందరికీ చెబుతాను. నాకూ అలాగే చెప్పుకుంటాను.

ఆ శనివారం తర్వాత అమ్ములు మళ్లీ ఆ మాట అనలేదు. మూత కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఒకసారి శైలజ మందుల కోసం బయటికి వెళ్లినప్పుడు గదిలో నేనూ ఆ పిల్లా మాత్రమే ఉన్నాం. అడగకూడదని తెలుసు. అలాంటి పిల్లలకి ఎవరు, ఎందుకు అనే ప్రశ్నలు అందవని నేనే తల్లిదండ్రులకి చెబుతుంటాను. అయినా వంగి, దాని ఎత్తుకి దిగి, మెల్లగా అడిగాను.

"గొడుగు మాట నీకెవరు చెప్పారమ్మా?"

అమ్ములు మూతని వేళ్ల మధ్య తిప్పుతోంది. నావైపు చూడలేదు. కాసేపటికి, అచ్చం నా గొంతుతో, నాకే తెలియకుండా నా మాటలో ఉన్న ఆ కొంచెం వణుకుతో సహా అంది.

"గొడుగు మాట నీకెవరు చెప్పారమ్మా?"